చెరువులో గుంపు, సీసాలో ఒంటరి

"నా మెషీన్ లో బాగానే పనిచేస్తోందే!" - మన ఫీల్డులో ఈ డైలాగు అననివాళ్ళు ఉండరు. టెస్టింగ్ లో పాసై ప్రొడక్షన్ లో బోర్లా పడటం మనకొక్కళ్ళకే రాసిపెట్టుందనుకునేవాణ్ణి. నాచు మీద పరిశోధన చేసేవాళ్ళకీ ఇదే గొడవని ఈమధ్యే తెలిసింది.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు చూసినవాళ్ళకి నీళ్ళమీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టటం కొత్తేం కాదు. అలా తెట్టు కట్టేవాటిలో మైక్రోసిస్టిస్ ఒకటి. పేరుకి నాచే గానీ నిజానికి బాక్టీరియా. ఇందులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేస్తాయి. చెరువులో ఇది గుంపులుగా, చక్కెరలతో అల్లిన జిగురు కోటు కప్పుకుని బతుకుతుంది. అదే ల్యాబ్ కి తెచ్చి సీసాలో పెంచితే, కొన్నాళ్ళకి చాలా రకాలు ఆ కోటు విప్పేసి విడివిడి కణాలైపోతాయి. కావలసినంత తిండి ఉంది, మింగేసే శత్రువు లేడు. ఇంక కోటెందుకు?

కణాల పైనుండే చక్కెరల్ని గుర్తుపట్టే పనిముట్ల కథ మన ఆముదం గింజతో మొదలైంది. 1888లో డోర్పాట్ (ఇప్పటి ఎస్తోనియాలో ఉంది) విశ్వవిద్యాలయంలో స్టిల్‌మార్క్ అనే ఆయన, ఆముదపు గింజల సారం తగిలితే ఎర్ర రక్తకణాలు ముద్దకట్టటం గమనించాడు. చక్కెరల్ని పట్టుకునే ఇలాంటి ప్రొటీన్లకి 1954లో 'లెక్టిన్లు' అని పేరుపడింది. లెక్టిన్ కి మెరిసే రంగు తగిలిస్తే, ఏ కణం మీద ఏ చక్కెరుందో మైక్రోస్కోపులో కనపడుతుంది.

2006లో జర్మనీ శాస్త్రవేత్తలు మైక్రోసిస్టిస్ లోనే మైక్రోవిరిన్ అనే సొంత లెక్టిన్ ఉందనీ, కణాలు ఒకదాన్నొకటి అంటుకోవటంలో దాని చెయ్యుందనీ తేల్చారు. బాగానే ఉంది. కానీ వాళ్ళు వాడిన రకం 1972లో నెదర్లాండ్స్ రిజర్వాయర్ నించి తెచ్చింది. అంటే అప్పటికే ముప్ఫై నాలుగేళ్ళుగా సీసాలో కాపురం! వాళ్ళని తప్పుపట్టట్లేదు. సీసా లేకపోతే ఏ జన్యువు ఏంచేస్తోందో విడదీసి చూడటం కష్టం.

ఇంతకీ ఇదంతా మనకెందుకంటే, మా కృష్ణా డెల్టా పల్లెల్లో కాలవలు కట్టేసేముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుని ఎండాకాలమంతా ఆ నీళ్ళే వాడుకుంటారు. కోటు కప్పుకున్న గుంపు, విడి కణాల్లా మైలుతుత్తానికి తేలిగ్గా లొంగదు. పోనీ చచ్చినా, లోపలి విషం నీళ్ళలోకి వదులుతుంది. సీసాలో సరిపోయిన మోతాదు చెరువులో సరిపోతుందన్న గ్యారంటీ లేదు.

అంచేత టెస్ట్ పాసైందని సంతకం పెట్టేముందు, మా చెరువు నీళ్ళు కూడా ఒక బిందెడు పట్టుకెళ్ళి చూడండి బాబూ!