కాన్వెంటు: ఒక లఫ్జ్ వెనక తవారీఖ్

మా ఇబ్రాహీంపట్నం చౌరస్తాలో పొద్దున ఎనిమిదింటికి నిలబడి చూడండి. పసుపు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ‘పిల్లగాడు ఏ బడికి పోతున్నడు?’ అని ఎవరినైనా అడగండి, ‘కాన్వెంటుకు’ అంటారు. ఆ బస్సుల మీద దేవుళ్ల పేర్లుంటాయి, లీడర్ల పేర్లుంటాయి. కొన్నింటికి ముందు ‘సెయింట్’ అని తగిలించి ఉంటుంది, ఆ సెయింటు ఎవరో యజమానికే తెలియదు. లోపల ఒక్క సిస్టరు ఉండదు. అయినా అది కాన్వెంటే. తెలుగువాళ్లకు ఇంగ్లీషు చెప్పే ప్రతి ప్రైవేటు బడీ కాన్వెంటే.

అసలు ఆ లఫ్జుకు బడి అన్న మానీ లేనే లేదు. లాటిన్‌లో దాని మూలానికి ‘గుమిగూడటం’ అని అర్థం. తరువాత సన్యాసినులు కలిసి ఉండే ఇంటికి ఆ పేరు స్థిరపడింది. తెలుగు కేథలిక్కులు మఠం అంటారు. మన జబాన్‌లో చెప్పాలంటే ఖాన్‌ఖా. నాకు ఇందులో ఒక సంగతి భలే నచ్చుతుంది. ఉర్దూలో ‘జమాత్’ అన్నా గుమిగూడటమే కదా, అదీ బడిలోకి వచ్చి తరగతి అయి కూర్చుంది. మా బుజుర్గులు ఐదో జమాత్, ఆరో జమాత్ అనే చెప్పుకునేవారు. రెండు మజ్హబుల్లో మనుషులు కలిసి కూర్చున్న చోటి పేర్లే చివరికి పలక పట్టిన పిల్లలకు దక్కాయి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఉర్దూలో చర్చిని గిర్జా అంటాం. అది పోర్చుగీసు ‘ఇగ్రేజా’. పాద్రీ అన్నది వాళ్ల ‘పాద్రే’, తెలుగులో పాదిరి అయ్యింది. తెలుగు కేథలిక్కులు బిషప్పును మేత్రాణులు అంటారు, అరబీలో ముత్రాన్. వినగానే చుట్టరికం తెలిసిపోతుంది. ఈ తెహజీబ్ వేరు, ఆ తెహజీబ్ వేరు అని గీతలు గీసేవాళ్లు ఇలాంటి మాటల ముందు కాసేపు ఆగితే బాగుండు.

ఇక అసలు కిస్సా. 1798లో నిజాం కంపెనీతో సైన్యం ఒప్పందం చేసుకున్నాడు. 1806లో సికందర్ జా పేర సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిసింది. అక్కడికి వచ్చిన గోరా సిపాయిల్లో ఐర్లాండు వాళ్లు చాలామంది, వాళ్లు కేథలిక్కులు. సిపాయి ఉన్నచోట భార్యాపిల్లలు, పిల్లలున్నచోట పాద్రీ, పాద్రీ ఉన్నచోట బడి. 1851లో రోమ్ హైదరాబాద్‌ను ప్రత్యేక ఇలాఖాగా చేసింది. దాని మొదటి పెద్ద డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ పాద్రీ. ఆయన జమానాలోనే, 1857 గదర్‌కు రెండేళ్ల ముందు, 1855లో ఆల్ సెయింట్స్ బడి మొదలైంది. అదిప్పుడు మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ చేతిలో ఉంది. ఆ తరువాతి పాద్రీలు ఇటలీ నుంచి, మిలాన్ మిషన్ నుంచి వచ్చారు.

బడి ఉన్న గన్‌ఫౌండ్రీ కూడా మామూలు జాగా కాదు. మన పాతవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అంటారు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి ఫౌజీ రేమండ్ అక్కడ ఫిరంగులు పోయించాడు. 1798లో చనిపోయిన ఆ రేమండ్‌ను ముసల్మానులు మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు, మూసారాంబాగ్ పేరులో ఇంకా బతికే ఉన్నాడు. ఫిరంగులు పోసిన ఆ ఇలాఖాలోనే తరువాత సెయింట్ జోసఫ్స్ కెథీడ్రల్ లేచింది.

1871లో సికింద్రాబాద్‌కు సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చారు. నా లెక్కలో అసలు ‘కాన్వెంటు’ కథ ఇక్కడ మొదలవుతుంది. వీళ్ల సంస్థ ఇటలీలోని టురిన్‌లో 1834లో పుట్టింది. పెట్టినవాళ్లు బరోలో అనే జాగీర్దారు దంపతులు, ఔలాద్ లేనివాళ్లు. ఆ భార్య, జూలియా, టురిన్ జైళ్లలో ఆడ ఖైదీల మధ్య పనిచేసిన మనిషి. సముద్రం దాటి వచ్చిన ఆ ఆడవాళ్లు తిరిగి ఇంటికి పోయే ఖయాల్‌తో రాలేదు. బడి పక్కనే మఠం, మఠం పక్కనే గిర్జా. పిల్లలకు పాఠం చెప్పినవాళ్లే జ్వరమొస్తే తల నిమిరారు.

మన ఖాన్‌దానుల్లో పర్దా మామూలైన రోజుల్లో కొందరు తల్లిదండ్రులు ఆడపిల్లలను సిస్టర్ల బడికి పంపడానికి ఎందుకు ఒప్పుకున్నారు? ఇంగ్లీషు మోజు ఒక్కటే కాదు. మా ఇంట్లో పెద్దలు చెప్పే మాట వేరు. చెప్పేవాళ్లందరూ ఆడవాళ్లే, తల మీద గుడ్డ ఉంది, వేళకు ఇబాదత్ ఉంది, గేటు లోపలికి పరాయి మగవాడు రాడు. సిస్టరు చేతిలో జపమాల చూస్తే మా దాదీకి తన తస్బీహ్ గుర్తొచ్చేదట. మజ్హబ్ వేరైనా పాబందీ తెలిసిన మనుషులని భరోసా.

నేనూ చిన్న జమాతులు సిస్టర్ల దగ్గరే చదివాను. రోజుకోసారి గంట కొట్టగానే క్లాసు రెండు ముక్కలయ్యేది. కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి పోయేవాళ్లు, మిగిలిన మేమంతా ‘మోరల్ సైన్స్’. ఎప్పుడు చూసినా పోయేవాళ్లు గుప్పెడు, మిగిలేవాళ్లు క్లాసు నిండా. కేథలిక్ బడి అన్నది పేరుకే, జీవితమంతా మొహల్లాది. క్రిస్మస్‌కు పశువుల పాక కట్టే మట్టి మేమే మోసేవాళ్లం. రంజాన్ ఈద్ మరునాడు షీర్‌ఖుర్మా డబ్బాలు స్టాఫ్ రూములో బారులు తీరేవి.

ఇదంతా తియ్యగా చెప్పి వదిలేస్తే బేఈమానీ అవుతుంది. పట్నంలో పేరున్న కేథలిక్ బడులు పైసలున్నవాళ్ల బడులైపోయాయి. రాజ్యాంగంలోని 30వ అధికరణ మైనారిటీలకు సొంత బడులు పెట్టుకునే హక్కునిచ్చింది. ఆ హక్కు కోసం కోర్టుల్లో ఎక్కువ కొట్లాడింది క్రైస్తవ సంస్థలే. 1958లో కేరళ విద్యా బిల్లు మీద సుప్రీంకోర్టు రాయ్ చెప్పింది. 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఫైసలా ఇచ్చారు. వకీళ్ల ఖర్చు వాళ్లది, ఫాయిదా మన అంజుమన్‌లకూ దక్కింది. కానీ 2014లో ప్రమతి కేసు ఫైసలాతో మైనారిటీ బడులు విద్యాహక్కు చట్టం కిందికి రాకుండా పోయాయి. అంటే గరీబు పిల్లలకు 25 శాతం సీట్ల షరతు వీటికి లేదు. హక్కు కాపాడుకోవాల్సిందే. కానీ ఆ మాఫీ చాటున గరీబు పిల్లవాడు గేటు బయటే నిలబడితే, వాళ్లదైనా మనదైనా, ఏ మైనారిటీకి ఇజ్జత్?

ఎందుకిలా అడుగుతున్నానంటే, కేథలిక్కులకు ఇంకో బడి ఉంది. దాని పేరు ఎవరూ బస్సు మీద రాసుకోలేదు. అది ఊళ్లో, మాల మాదిగ వాడలో, ఒంటి గది బడి. ఆదివారం అదే గిర్జా, సోమవారం అదే బడి. పాఠం చెప్పేది ఉపదేశి. పూజ చేసే గురువు నెలకో రెండు నెలలకో వస్తాడు, అప్పటిదాకా దువా చేయించడం, పెళ్లీ చావూ చూడటం, అక్షరాలు దిద్దించడం అన్నీ ఈయనే. ఇదే పని మెదక్ ఇలాఖాలో వెస్లియన్ ప్రొటెస్టెంట్లూ చేశారు. పట్నంలో భాగ్యరెడ్డివర్మ 1910లోనే ఇసామియా బజార్‌లో ఆది హిందూ పిల్లలకు బడి పెట్టాడు.

ఆ రియాసత్‌ను ఒకసారి యాద్ చేసుకోండి. 1880ల్లో ఫార్సీ పోయి కచేరీల్లో ఉర్దూ వచ్చింది. 1918లో వచ్చిన ఉస్మానియాలోనూ ఉర్దూయే. మనకది ఫఖ్ర్, నాకూ ఫఖ్రే. కానీ వాడలో పిల్లవాడి ఇంటి మాట తెలుగు. వాడి నాయిన దొర ఇంట్లో వెట్టి. పట్వారీ ఏం రాశాడో, షావుకారు కాగితం మీద ఎంత వేశాడో చదవలేక వేలిముద్ర వేసే జీవితం. అలాంటి ఇంట్లో ఒక్క పిల్లవాడు తెలుగు కాగితం చదివితే చాలు, ఆ ఇంటి లెక్కే మారిపోతుంది. ‘మజ్హబ్ మార్చడానికే బడి పెట్టారు’ అనేవాళ్లున్నారు. వాళ్లు దీన్ చెప్పడానికే వచ్చారు, దాచుకోలేదు. అప్పుడు ఆ వాడలో ఇంకెవరు పలక పంచారో కూడా అడగాలి కదా. మన జాగీర్దారులు పంచారా?

ఇప్పటి హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. రోమ్‌లో ఎర్ర టోపీ పెట్టారని పేపర్లన్నీ రాశాయి. అదే మనిషి పుట్టిన జాతికి ఇక్కడి కాగితం మీద ఏం రాసుందో తక్కువమందే రాశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన మాల, మాదిగకు లేదు, ముసల్మానైన మెహతర్‌కూ లేదు. మన దగ్గర దళిత క్రైస్తవులకు బీసీ-సీ, ఒక శాతం. ముస్లింలలో వెనకబడినవాళ్లకు 2007లో వచ్చింది బీసీ-ఇ, నాలుగు శాతం. వాడలో అంటరానితనం పడ్డప్పుడు నీ మజ్హబ్ ఏదని ఎవరూ అడగరు. సర్టిఫికెట్ దగ్గర మాత్రం మొదటి సవాల్ అదే.

ఆ సవాల్‌కు జవాబు రాసేది ఎమ్మార్వో కచేరీలో కాదు. ఒకటో జమాత్ దాఖలా రిజిస్టర్లో. ఆరేళ్ల పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆ పక్కన కులం, మతం. ఆ రోజు రాసింది టెన్త్ సర్టిఫికెట్ దాకా, నౌకరీ దాకా వెంట వస్తుంది. అందుకే ఆదివారం గిర్జాకు పోయే తల్లిదండ్రులు చాలామంది సోమవారం బడిలో హిందూ అని రాయిస్తారు. పాద్రీకి తెలుసు, హెడ్‌మాస్టరుకు తెలుసు, ఎవరూ అడగరు. పూర్వం ఉపదేశి ఇచ్చిన అక్షరం ఇప్పుడు ఆ ఖానా ముందు తడబడుతోంది.

పోయిన జూన్‌లో మా గల్లీకి ఆనుకుని ఉన్న వాడ నుంచి ఒకాయన బిడ్డ దాఖలా ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నా రాత బాగుంటుందని ఆయన నమ్మకం. పిల్ల పేరు మేరి. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ నింపాను. మతం అన్న ఖానా దగ్గరకు రాగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ‘భాయ్ సాబ్, గా ఒక్క ఖానా జర ఖాలీగ వదిలిపెట్టుండ్రి. ఇంట్ల అడిగి చెప్త’ అన్నాడు.