తండ్రుల శిక్షణ కార్యక్రమాలు, వాటి ఫలితాల మూల్యాంకనం: నెల్లూరు తీరం నేపథ్యం

బిడ్డల పెంపకంలో తండ్రి బాధ్యతను మగవాళ్లకు నేర్పే ప్రయత్నాలను తండ్రుల శిక్షణ కార్యక్రమాలంటారు. గర్భిణికి తోడుగా ఆసుపత్రికి వెళ్లడం, పసిబిడ్డను ఆడించడం, కొట్టకుండా పెంచడం, ఇంటి పనిలో చేయి వేయడం, భార్య మీద చేయి చేసుకోకపోవడం వీటిలో ప్రధానంగా చెప్పే సంగతులు. వీటివల్ల ఇంట్లో నిజంగా ఏమైనా మారిందా అని కొలిచే పని గత నలభై ఏళ్లలో ఒక శాస్త్రంగా ఎదిగింది. తండ్రి వేటకో, రేవులో షిఫ్టుకో వెళ్లే కృష్ణపట్నం లాంటి చోట ఆ కొలతలను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి వాడటం కుదరదు.

కొలత పుట్టుక

1985లో మైకేల్ ల్యాంబ్, జోసెఫ్ ప్లెక్, వాళ్ల సహచరులు తండ్రి పాత్రను మూడు భాగాలుగా విడదీశారు. బిడ్డతో నేరుగా గడపడం ఒకటి. పిలిస్తే పలికేంత దగ్గరలో ఉండటం రెండోది. బిడ్డకు ఏ వేళకు ఏం కావాలో తానే కనిపెట్టి చూసుకోవడం మూడోది. తర్వాత వచ్చిన ప్రశ్నావళుల్లో చాలావాటికి ఈ విభజనే పునాది.

అమెరికా ప్రభుత్వం 2000ల మధ్య నుంచి 'బాధ్యతాయుత పితృత్వం' పేరిట ఏటా కోట్ల డాలర్లు ఇస్తూ వచ్చింది. వాటిలో నాలుగు కార్యక్రమాలను, 5,500 మందికి పైగా తండ్రులను తీసుకుని మ్యాథమెటికా సంస్థ పరిశీలించింది. తండ్రులు బిడ్డలతో మరింత ప్రేమగా మసలడం, వయసుకు తగ్గట్టు ఆడించడం కొంత పెరిగాయి. బిడ్డను కలిసే తరచుదనంలోనూ, ఇచ్చే డబ్బులోనూ మార్పు కనిపించలేదు. కాలిఫోర్నియాలో ఫిలిప్, కెరొలిన్ కోవన్ దంపతుల బృందం తక్కువ ఆదాయ కుటుంబాలతో చేసిన ప్రయోగంలో, తండ్రులను విడిగా కూర్చోబెట్టిన బృందాలకన్నా భార్యాభర్తలు కలిసి కూర్చున్న బృందాల్లో మేలు ఎక్కువగా జరిగింది, ఎక్కువ కాలం నిలిచింది.

2014లో క్యాథరిన్ పాంటర్-బ్రిక్ బృందం ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, తల్లిదండ్రుల కార్యక్రమాల నివేదికల్లో తండ్రి మీద పడిన ప్రభావాన్ని విడదీసి చూపినవి చాలా తక్కువని తేల్చింది. ఆ లోటును కొంత తీర్చింది రువాండాలోని 'బాండెబెరెహో' ప్రయోగం. దాదాపు 1,200 జంటల్లో ఎవరికి శిక్షణ ఇవ్వాలో చీటీ పద్ధతిలో తేల్చారు. శిక్షణ పొందిన మగవాళ్లకు 15 సమావేశాలు, వాటిలో కొన్నింటికి భార్యలు కూడా వచ్చారు. మొదలైన 21 నెలలకు ఆడవాళ్లను విడిగా అడిగితే, శిక్షణ పొందిన ఇళ్లలో భర్త చేతి దెబ్బలు తగ్గాయని, పిల్లలను కొట్టడం తగ్గిందని తెలిసింది. ఆరేళ్ల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. మారానని మగవాడు చెప్పిన మాట దగ్గర ఆగకుండా ఇంట్లో ఆడమనిషిని అడిగారు, ఏళ్లు గడిచాక మళ్లీ వచ్చి అడిగారు.

భారతదేశంలో 2000ల తొలినాళ్లలో ఢిల్లీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీల్లో గర్భిణులతో పాటు భర్తలకూ సలహాలిచ్చి, ఇవ్వని డిస్పెన్సరీలతో పోల్చి చూశారు. తోడుగా వచ్చే భర్తల సంఖ్య, కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ పాటించడం పెరిగాయి.

నెల్లూరు పాఠం

తెలుగు నేల మీద తండ్రుల ప్రవర్తనను మార్చడానికి బలంగా పనిచేసిన విద్యా కార్యక్రమం పేరులో తండ్రి లేడు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అక్షర దీపం' మొదలైంది. రాత్రి బడుల్లో వయోజనులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, అక్షరాలు నేర్పారు. వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం తాగుబోతు భర్త ఉన్న ఇంటి గురించి. కూలి డబ్బు సారా అంగట్లో పోసి వచ్చే భర్త, ఖాళీ కుండ, ఆకలితో పడుకునే పిల్లలు చదివేవాళ్లకు కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోసమ్మ, ఆమె తోటివాళ్లు సారా అంగడి మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలిపోయింది.

అక్షర దీపాన్ని లెక్కగట్టిన పద్ధతి ఎంతమంది చదవడం, రాయడం నేర్చుకున్నారన్నది. సాయంత్రం తండ్రి కూలి డబ్బుతో ఇంటికి వచ్చాడా, పిల్లలు తిని పడుకున్నారా అన్న ప్రశ్నలకు ఆ పట్టికల్లో గడి లేదు. ఆ ఉద్యమం వల్ల జరిగిన పెద్ద మార్పు కొలతకు అందకుండానే పోయింది. తర్వాత జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు, ఆపైన డ్వాక్రా సంఘాలు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటుగా స్థిరపడ్డాయి. మగవాళ్లు బిడ్డల గురించి మాట్లాడుకునే అలాంటి చోటు ఊళ్లో ఏర్పడలేదు.

పథకాల్లో తండ్రి

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో ఆరోగ్య, పోషకాహార విద్య 15 నుంచి 45 ఏళ్ల స్త్రీలకే ఉద్దేశించింది. పసిబిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల లోపల విడతలవారీగా ఇంటికి వస్తుంది. ఆ వేళకు తండ్రి పనిలో ఉంటాడు. 2017 చట్ట సవరణ తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. పితృత్వ సెలవు కేంద్ర ఉద్యోగులకు 15 రోజులు ఉన్నా, ప్రైవేటు రంగానికి అలాంటి చట్టం లేదు. కాంట్రాక్టు కార్మికుడికి, పడవ మీద బతికేవాడికి ఆ మాటే అందదు. పోషణ్ అభియాన్ 2025 మాసోత్సవంలో మగవాళ్లను పోషణలో, పిల్లల పెంపకంలో కలుపుకోవడాన్ని ఒక అంశంగా చేర్చారు. రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటిలో తల్లిదండ్రుల, టీచర్ల భారీ సమావేశం జరిగింది. ఇవి మంచి అడుగులే. అయితే వీటిని తూచేది హాజరు పట్టీతో. సంతకం పెట్టిన తండ్రి ఇంటికెళ్లి ఏం చేశాడో హాజరు పట్టీ చెప్పదు.

కృష్ణపట్నంలో ఏం కొలవాలి

ముత్తుకూరు మండలంలో కండలేరు సముద్రంలో కలిసే చోట ఉన్న కృష్ణపట్నం పాత రేవు. 2008లో ఆధునిక ఓడరేవు, తర్వాత నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చాయి. పట్టపు కాపుల పాళేల్లో తండ్రి తెల్లవారకముందే పడవ ఎక్కుతాడు, రేవులో పనిచేసేవాడు రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రపోతాడు. పాయల్లో చేపలు, రొయ్యలు పట్టే యానాదుల ఇళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ నీళ్లలోనే ఉంటారు. ఇక్కడ 'రోజుకు ఎన్ని గంటలు బిడ్డతో గడిపావు' అన్న ప్రశ్నకు వచ్చే సున్నా తండ్రి మనసును కొలవదు, అతని పని వేళల్ని కొలుస్తుంది. ల్యాంబ్ చెప్పిన మూడో భాగం, అంటే బాధ్యత, ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. టీకా తేదీ తండ్రికి తెలుసా, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తాడు, వేట డబ్బులో ఇంటికి ఎంత చేరుతుంది అని అడగాలి.

ఆచారాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తొలికాన్పుకు కోడలు పుట్టింటికి వెళ్తుంది. భర్త చుట్టపు చూపుగా వచ్చిపోతాడు, కొందరు తండ్రులు బిడ్డను తనివితీరా ఎత్తుకునేది ఇరవై ఒకటో రోజు బారసాల నాడే. 'భార్యతో పరీక్షలకు వెళ్లాడా' అన్న ఒక్క ప్రశ్నతో తూస్తే అలాంటి తండ్రి నిర్లక్ష్యం చేసినవాడిగా మిగిలిపోతాడు. శిక్షణలో అత్తగారినీ, అమ్మమ్మనూ కలపకపోతే కొలతా తప్పుతుంది, పాఠమూ తప్పుతుంది.

ఈ తీరానికి ఒక వీలు కూడా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. తండ్రులు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. నిషేధకాల భృతి 2025లో 20,000 రూపాయలైంది. దాని కోసం మత్స్యశాఖ సిబ్బంది పడవ పడవకూ తిరిగి పేర్లు రాసుకుంటారు కాబట్టి ఎవరిని పిలవాలో జాబితా సిద్ధంగా ఉంటుంది. కొన్ని పాళేలకు ఒక ఏడు, మిగతావాటికి మరుసటి ఏడు శిక్షణ ఇస్తే పోల్చి చూడటానికి న్యాయమైన దారి దొరుకుతుంది, ఎవరికీ మేలు తప్పిపోదు. ఫలితం అడగడం మాత్రం నిషేధ రోజుల్లో కుదరదు. ఇంట్లో ఉన్న మగవాడు అప్పుడెలాగూ బిడ్డను ఎత్తుకుంటాడు. వేట మళ్లీ మొదలై చేతిలో డబ్బు ఆడే అక్టోబరు, నవంబరు నెలల్లో, మగవాళ్లు ఒడ్డున లేని వేళ చూసి, ఆడవాళ్లనూ కాస్త ఎదిగిన పిల్లలనూ విడిగా అడగాలి.