ఎదురు కుదుపు: ఎయిర్‌గన్ స్కోపు ఎంపిక ప్రమాణాల చరిత్ర

1. ప్రవేశిక

ఎయిర్‌గన్‌కు స్కోపు ఎంచుకునే సందర్భంలో తరచుగా వినిపించే అభిప్రాయం ఒకటి ఉంది. తుపాకి బలం తక్కువ కాబట్టి దానిమీద బిగించే స్కోపు సాధారణమైనదైనా చాలునని దాని సారాంశం. ఇది సహేతుకంగానే తోస్తుంది. కాని గురిసాధనాల చరిత్ర దీనిని సమర్థించదు. వేట రైఫిళ్ల మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపులు స్ప్రింగుతో పనిచేసే గాలితుపాకి మీద త్వరగా చెడిపోయిన అనుభవం నుంచే నేటి ఎంపిక ప్రమాణాలలో ముఖ్యమైనవి పుట్టాయి. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగులో టెలిస్కోపుకు పారసీకమూలమైన ‘దుర్భిణి’, సంస్కృతసమమైన ‘దూరదర్శిని’ రెండూ ఉన్నాయి. తుపాకి మీది సాధనానికి మాత్రం షూటర్ల వ్యవహారంలో ‘స్కోపు’ అన్న మాటే స్థిరపడినందువల్ల ఇక్కడ దానినే స్వీకరించడమైనది.

2. సాలెపోగు

గెలీలియో వాడిన దూరదర్శినిలో కంటివైపు కటకం పుటాకారం. అందులో ప్రతిబింబం గొట్టం లోపల ఎక్కడా ఏర్పడదు. కనుక గురిని చూపే గుర్తును లోపల అమర్చే వీలు లేదు. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకాల అమరికను ప్రతిపాదించాడు. ఇందులో బొమ్మ తలకిందులవుతుంది గాని గొట్టం లోపలే ఒక తలంలో ఏర్పడుతుంది. ఆ తలంలో ఉంచిన సన్నని పోగు, దూరాన ఉన్న వస్తువు రెండూ ఏకకాలంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఈ సంగతిని 1640 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన ఖగోళ పరిశీలకుడు విలియం గాస్కోయిన్ గమనించాడు. తెరిచి ఉన్న గొట్టంలో సాలీడు లాగిన పోగే అందుకు కారణమని ఆయన లేఖ వల్ల తెలుస్తున్నది. ఆయన 1644లో మార్స్‌టన్ మూర్ యుద్ధంలో మరణించాడు.

ఆ పోగు తుపాకి మీదికి ఆచరణయోగ్యంగా చేరడానికి సుమారు రెండు శతాబ్దాలు పట్టింది. అమెరికాలో జాన్ చాప్‌మన్ ప్రచురించిన రైఫిల్ గ్రంథం, మోర్గన్ జేమ్స్ తయారుచేసిన పొడవాటి గొట్టపు సైట్లు ఈ దశకు చెందినవి. తరువాతి లక్ష్య రైఫిళ్లలో కొన్నింటి మీద స్కోపును గట్టిగా బిగించక, జారేటట్లు అమర్చేవారు. తుపాకి వెనక్కి తన్నినప్పుడు స్కోపు ముందుకు జారేది. షూటర్ దానిని మళ్లీ వెనక్కి లాగుకొని తర్వాతి గుండు పేల్చేవాడు. స్కోపు నిర్మాణంలో తీసుకున్న ఈ జాగ్రత్తలన్నీ ఒకే దిక్కు కుదుపును ఉద్దేశించినవన్నది ఇక్కడ గమనార్హం.

3. రెండు కుదుపులు

గాలితుపాకి స్కోపు కంటే పాతది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గిరాండోనీ రైఫిల్‌లో వెనుక దిమ్మ (బట్) స్థానంలో గాలి నింపిన పాత్ర ఉండేది. అందులో కదిలే బరువైన భాగం లేదు. సమస్య తెచ్చిపెట్టినది స్ప్రింగు, పిస్టన్‌లతో పనిచేసే తుపాకి. బర్మింగ్‌హామ్‌లో లింకన్ జెఫ్రీస్ రూపకల్పనను అనుసరించి బీఎస్ఏ సంస్థ 1905 నుంచి తయారుచేసిన రైఫిళ్లు ఈ కోవలోనివే.

వీటిలో మీట నొక్కగానే స్ప్రింగు బరువైన పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ ప్రతిచర్యకు తుపాకి వెనక్కి కదులుతుంది. పిస్టన్ ముందు గాలి నలిగి మెత్తలా అడ్డుపడగానే పిస్టన్ హఠాత్తుగా ఆగుతుంది. అప్పుడు తుపాకి ముందుకు విసురుగా కదులుతుంది. ఈ రెండవ కుదుపే స్కోపుకు గండం. వెనుదెబ్బకు ఆనుకునేలా కూర్చిన కటకాలు ఎదురు దిక్కు తాకిడికి వదులవుతాయి, సన్నని పోగులు తెగుతాయి. స్కోపు, దాని పట్టీలు రెండూ తుపాకి మీద వెనక్కి పాకుతాయి. పట్టీకి అడుగున ఉండే ఆపుడు పిన్ను ఈ పాకుడుకు కనిపెట్టిన విరుగుడే. బరువు తక్కువైన పాయింట్ 22 రిమ్‌ఫైర్ రైఫిల్ స్కోపును దీని మీద బిగించడం, చూడటానికి ఎంత సహజంగా ఉన్నా, మొదటి తప్పు.

1970లలో జర్మన్ స్ప్రింగు రైఫిళ్లను అమెరికాలో పెద్దల క్రీడాసాధనంగా ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ బీమన్ వంటి వ్యాపారుల ద్వారా ఎయిర్‌గన్‌కే ఉద్దేశించిన స్కోపులు విపణిలోకి వచ్చాయి. ‘ఎయిర్‌గన్ రేటెడ్’ అన్న మాటను కేవలం ప్రకటనల భాషగా కొట్టివేయడం అందువల్ల సరికాదు.

4. లంబనం

రెండవ ప్రమాణం దూరానికి సంబంధించినది. కన్ను కొద్దిగా పక్కకు జరిగితే లక్ష్యం మీద పోగు కూడా జరిగినట్లు కనిపించడాన్ని షూటర్లు పారలాక్స్ అంటారు. సూర్యసిద్ధాంతం గ్రహణ గణితంలో ఇదే తత్త్వాన్ని ‘లంబనం’ అన్నది. ఈ పారిభాషిక పదం తెలుగు శాస్త్రరచనకు అందుబాటులో ఉండి కూడా తగినంత వాడుకలోకి రాకపోవడం విచారకరం.

వేట స్కోపులలో ఈ దోషాన్ని సాధారణంగా 100 గజాల వద్ద, అంటే సుమారు 91 మీటర్ల వద్ద తొలగిస్తారు. ఎయిర్‌గన్ షూటింగ్ జరిగేదేమో 10 నుంచి 50 మీటర్ల లోపు. ముందు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని సగాన్ని రెండు దూరాల తేడాతో గుణించి 91తో భాగించాలి. 10 మీటర్ల వద్ద గరిష్ఠ దోషం సుమారు 18 మిల్లీమీటర్లు వస్తుంది. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లే. అదే 20 మిల్లీమీటర్ల కటకమైతే దోషం 9కి తగ్గుతుంది. పెద్ద కటకం ఉన్నదే మంచి స్కోపు అన్న నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. అవసరమైనది 10 మీటర్ల దాకా దిగే ఫోకస్ సర్దుబాటు.

ఈ సర్దుబాటుకు ఊహించని ప్రయోజనాన్ని కల్పించింది 1980లో ఇంగ్లండులో మొదలైన ఫీల్డ్ టార్గెట్ క్రీడ. ఇందులో లోహపు జంతు ఆకృతులలోని చిన్న రంధ్రం గుండా గురి కొట్టాలి. దూరం ఎంతో చెప్పరు. గుండు వేగం తక్కువ కావడంతో దూరం అంచనాలో కొద్ది తప్పు వచ్చినా అది రంధ్రం అంచుకు తగులుతుంది. అందుకని షూటర్లు ఫోకస్ మీటకు పెద్ద చక్రం బిగించి, దాని అంచున దూరాలు గుర్తుపెట్టుకొని, బొమ్మ స్పష్టమైన చోట ఉన్న అంకెనే దూరంగా గ్రహించసాగారు. రెట్లు పెరిగేకొద్దీ స్పష్టత పరిధి సన్నబడుతుంది కనుక 10–50×60 వంటి భారీ స్కోపులు ఈ క్రీడలో చోటు సంపాదించుకున్నాయి. ఎండకూ చలికీ ఆ గుర్తులు తప్పుతాయన్నది వేరే తలనొప్పి. ఇంట్లో 20 మీటర్ల వద్ద డబ్బాలు కొట్టేవారికి అంత స్కోపు బరువు తప్ప మరేమీ కాదు.

5. భారతీయ సందర్భం

భారతదేశంలో ఎయిర్ రైఫిల్‌కు గౌరవం తెచ్చినది 1984లో ఒలింపిక్స్‌లో ప్రవేశించిన 10 మీటర్ల పోటీ. అందులో స్కోపు నిషిద్ధం. 2008లో అభినవ్ బింద్రా సాధించిన స్వర్ణం, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో గెలిచిన కాంస్యం సన్నని రంధ్రపు సైటుతో సాధించినవే. కాబట్టి మన విజయ చరిత్రలో స్కోపు ఎంపిక గురించి నేర్చుకునే సంప్రదాయమే ఏర్పడలేదు. కొనుగోలుదారు ‘ఎన్ని రెట్లు’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇటీవల వ్యాపించిన పీసీపీ తుపాకులలో గాలిని ముందుగానే నింపి ఉంచుతారు. పిస్టన్ లేదు, ఎదురు కుదుపూ లేదు. ఒక విధంగా ఇవి గిరాండోనీ మార్గానికే తిరిగివచ్చాయి. వీటి మీద వేట రైఫిల్ స్కోపు కూడా నిలుస్తుంది. దగ్గరి దూరానికి ఫోకస్ కుదురుతుందా లేదా అన్నదొక్కటే చూసుకోవలసి ఉంటుంది.