ఊరి పేరు లేని వైన్: అబ్రుట్సో, పూలియా మేళవింపుపై హైదరాబాద్ ద్రాక్ష వైపు నుంచి ఒక పరిశీలన

సారాంశం: ఇటలీలోని అబ్రుట్సో, పూలియా అనే రెండు ప్రాంతాల ద్రాక్షతో తయారయ్యే ‘ఎడిత్సియోనే చింక్వే ఆవుతోక్తోని’ ఎర్ర వైన్‌ను, హైదరాబాద్ పేరుతో ముడిపడిన అనాబ్‌షాహి ద్రాక్షతో పోల్చి, మేళవింపులో నాణ్యతకు ఎవరు పూచీ అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

1. చట్టం, లేబుల్

ఇటలీలో వైన్‌కు పరువు ఊరి పేరుతో వస్తుంది. 1963 నాటి డీఓసీ (నియంత్రిత ప్రాంతనామ) చట్టం ఏ ప్రాంతంలో ఏ ద్రాక్ష, ఎంత దిగుబడి అన్నది నిర్ణయించింది. 1992 చట్టం దానికి ఐజీటీ అనే కాస్త సడలింపు గల తరగతిని చేర్చింది. అబ్రుట్సో, పూలియా ద్రాక్షను కలిపితే ఆ రెండింటికీ ఉమ్మడిగా వాడుకోగల ప్రాంతనామం ఏదీ లేదు. మిగిలేది ‘వీనో రోస్సో’, అంటే ఉత్త ఎర్ర వైన్ అన్న హోదా. ఆ హోదాలో ఒకప్పుడు పంట సంవత్సరం వేయడానికీ వీలుండేది కాదు. అందుకే ఈ సీసా మీద సంవత్సరానికి బదులు ఎడిషన్ సంఖ్య కనిపిస్తుంది. హైదరాబాద్ పంజాగుట్టలో ఎవరైనా ఆ లేబుల్ చదివితే ఇది చవక సరుకేమో అనుకోవచ్చు. నిజానికి ఇది దీన్ని తయారుచేసే సంస్థ పతాక వైన్.

2. పాళ్లు, తయారీదారు

ఈ వైన్ తయారుచేసే ఫార్నేజే (నేటి ఫాంతీని) సంస్థ అబ్రుట్సోలో, అడ్రియాటిక్ తీరంలోని ఓర్తోనా కేంద్రంగా 1994లో మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన ఫిలిప్పో బక్కలారో పియెమోంతే నుంచి వచ్చిన వైన్ నిపుణుడు. సంస్థ ప్రకటించే పాళ్లు ఇవి: మోంతెపుల్చానో 33 శాతం, ప్రిమితీవో 30, సాంజొవేజే 25, నెగ్రోఅమారో 7, మల్వాజియా నేరా 5. ఆలస్యంగా పండే మోంతెపుల్చానో చిక్కని రంగునిస్తుంది. సాంజొవేజే పులుపునిస్తుంది. పూలియా ఎండకు త్వరగా పండే ప్రిమితీవో తీపినీ, ఆల్కహాల్‌నూ పెంచుతుంది. చివరి రెండూ కాస్త చేదునూ, పరిమళాన్నీ జోడిస్తాయి. పూలియా ఎండకు అబ్రుట్సో కొండగాలి విరుగుడు. ఏటా పంట మారుతున్నా రుచి నిలబడాలంటే ప్రతి తొట్టెనూ విడిగా రుచి చూసి తూకం వేయగల నాలుక కావాలి. ఊరి పేరు ఇవ్వలేని పూచీని ఇక్కడ తయారీదారు ఇస్తున్నాడు.

3. హైదరాబాద్ అనుభవం

అబ్దుల్ బకర్ ఖాన్ 1890 ప్రాంతంలో హైదరాబాద్‌కు తెచ్చిన అనాబ్‌షాహిని ఉద్యాన శాస్త్ర గ్రంథాలు ఈ నగరం పేరుతోనే ప్రస్తావిస్తాయి. పొడవాటి, లేత పసుపుపచ్చ కాయ, గింజ ఉంటుంది, దిగుబడి ఎక్కువ. తినడానికి బాగుంటుంది కానీ చక్కెర సాధారణంగా 14 నుంచి 16 బ్రిక్స్ మధ్యే. పులియబెడితే ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గర ఆగిపోతుంది. పైగా దక్కన్‌లో తీగకు శీతకాలపు నిద్ర లేదు. అందుకే రైతు వేసవిలో ఒకసారి, అక్టోబర్‌లో మరోసారి కత్తిరింపు చేస్తాడు. కాయ ఎండల్లో పక్వానికి వచ్చేసరికి పులుపు పడిపోతుంది.

ఈ లోటుకు బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వేరే దారి వెతికింది. బెంగళూరు బ్లూ అనే ద్రాక్ష రకంతో అనాబ్‌షాహిని సంకరం చేసి, వైన్‌కు పనికొచ్చే ‘అర్క హంస్’ రకాన్ని రూపొందించింది. ఓర్తోనాలో తొట్టెలో జరిగే మేళవింపు ఇక్కడ గింజలోనే జరిగింది. రెండు చోట్లా ఒక ద్రాక్షకున్న లోపాన్ని మరో ద్రాక్ష గుణం తీర్చింది.

4. ముగింపు

ప్రాంతనామం రైతుకు రక్షణ, దాన్ని వదులుకోవాలని ఈ వ్యాసం అనదు. కానీ ఆ పేరు లేనంత మాత్రాన వైన్‌ను తక్కువ చేయడం తప్పు. మేళవింపుకు తగిన ప్రమాణం వేరే ఉంది: ఏ ద్రాక్ష, ఎక్కడిది, ఎంత పాలు, ఎవరు కలిపారు. ఈ నాలుగూ లేబుల్ మీద తప్పనిసరిగా ఉంటే కొనేవాడికి నిజం తెలుస్తుంది, తయారీదారు తన పనికి జవాబుదారీ అవుతాడు. దక్కన్‌లో ఒకే నేల అన్నీ ఇవ్వదు గనుక, ఇక్కడి వైన్‌కు ఈ ప్రమాణం అవసరం మరీ ఎక్కువ.