దర్గా మాన్యం ఎవరిది?

పామర్రు సెంటర్లో చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే దారిలో కూచిపూడి తగుల్తుంది. 1678 ప్రాంతంలో గోలుకొండ తానీషా ఆ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. ఇంకా ముందుకెళితే చల్లపల్లి జమీందారు కోట. "మీ నవాబులు ఏలినంతకాలం ఏలారుగా" అని చిన్నప్పుడు మమ్మల్ని ఎత్తిపొడిచినవాళ్ళు ఈ రోడ్డు మీదే తిరిగేవాళ్ళు. చల్లపల్లి, నూజివీడు జమీందార్లలో మావాళ్ళెవరు? మాకున్నది దూదేకే విల్లు, జట్కా, కూలి. మహా అయితే దర్గాలో దీపం పెట్టినందుకు రాసిచ్చిన కాస్తంత మాన్యం.

ఆ మాన్యానికి నోరు లేదు. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ వేసి పాత సన్నదులు తిరగేసినప్పుడు ఎదురుగా నిలబడింది ముజావరే గాని పీరు కాదు గదా!

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందార్లు ఆస్తిహక్కంటూ కోర్టులకెక్కారు. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ ఆ చట్టాన్ని తొమ్మిదో షెడ్యూల్లో పెట్టాక వాళ్ళ వాదన నిలవలేదు. మంచిదే అయింది. దున్నేవాడి పక్షమే నాదీనూ. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. గుడి మాన్యం, దర్గా మాన్యం, వ్యక్తుల ఇనాం అన్నీ రైత్వారీ పట్టాలోకి మారాలంది. భూమి సంస్థదా, మనిషిదా అన్నది తహసీల్దారు తేల్చాలి. చిక్కంతా అక్కడే. కాగితం మీద మనిషి పేరుంటే దర్గా ఎక్కడ కనపడుతుంది?

1998లో సయ్యద్ అలీ కేసులో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఇనాముల చట్టం కింద మొఖాసాదార్లకు పట్టా వచ్చింది కాబట్టి ఇక వక్ఫ్ లేదన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే, పట్టా దాన్ని చెరిపెయ్యలేదు అంది. ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు గెలిచింది. ఓడినవాళ్ళూ ముస్లిములేనన్న సంగతి దాచిపెట్టక్కర్లేదు. మాన్యాలు మింగేది పరాయివాళ్ళేనని అనుకోవడం మనకు తేలిక.

తెలంగాణలో తీర్పు మరోలా వచ్చింది. మణికొండలో హుస్సేన్ షావలీ దర్గా పేర 1,654 ఎకరాల 32 గుంటలు. అది జాగీరు భూమి. 1949లో జాగీర్ల రద్దుతోనే సర్కారుకు దఖలుపడిందని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం వేరు, తీర్పు వేరు, నిజమే. కాని భూస్వామి మీద సర్కారుకు అంత అధికారం ఇచ్చింది దున్నేవాడి పేరు చెప్పి. మణికొండలో సర్కారు ఆ భూమిని పంచింది కంపెనీలకు. అక్కడ నాగలి ఏది?

మొన్న మావైపు ఒక ముజావరు కొడుకు దాదా నాటి కాగితం తెచ్చాడు. ఆటో తోలుకుంటున్నాడు. కాగితంలో "ఇనాం" అన్న మాట మిగిలింది, తక్కినదంతా చెదలు తినేసింది. పొలం ఎవరు చేస్తున్నారని అడిగాను.

"మూడు తరాలుగా ఒక మాలాయనే చేస్తున్నాడు భాయ్. ఆయనకూ ఇంకో సెంటు లేదు."

పట్టా ఎవరి పేర అడగాలో చెప్పమన్నాడు.