మేకప్ సామగ్రి ఎప్పటిదాకా సురక్షితం? డబ్బాపై తేదీ చెప్పని సంగతులు

గుజరాత్‌లోని సూరత్ నగరంలో బమ్రోలి, పాండేసరా, ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలు మరమగ్గాలకు పెట్టింది పేరు. ఆ మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతోందంటే ఆ జనసంఖ్యను ఊహించవచ్చు.

ఈ ఇళ్లలో అలంకరణ సామగ్రికి ఒక రుతువు ఉంది. మహాలయ అమావాస్యనాడు బతుకమ్మ మొదలవుతుంది. మరునాటి నుంచి ఊరంతా నవరాత్రి గర్బా. తొమ్మిది రాత్రులూ ముస్తాబే. ఏడాదిలో ఎక్కువ కాలం బీరువాలోనో అటక మీదనో ఉండే మేకప్ పెట్టె అప్పుడు బయటికి వస్తుంది. అంటే ఏప్రిల్, మే ఎండలను, ఆపైన నాలుగు నెలల వానాకాలపు చెమ్మను మూతపెట్టిన పెట్టెలోనే దాటుకుని వచ్చిన కాటుక, మస్కారా, ఫౌండేషన్ నేరుగా కంటికి, చర్మానికి చేరతాయి. డబ్బా మీది తేదీ ఇంకా దాటలేదు కాబట్టి సరుకు బాగానే ఉందని చాలామంది భావిస్తారు. ఆ నమ్మకంలో సగమే నిజం.

తేదీ దేనికి వర్తిస్తుంది?

భారతదేశంలో సౌందర్య సాధనాల తయారీ, అమ్మకాలు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వస్తాయి. వీటికోసం ప్రత్యేకంగా 2020 డిసెంబరులో కాస్మెటిక్స్ రూల్స్ వెలువడ్డాయి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య, ఏ నెల, ఏ సంవత్సరంలోగా వాడాలన్న గడువు లేబుల్ మీద ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం సంఖ్య కూడా కనిపించాలి. కొన్ని డబ్బాల మీద గడువు నేరుగా ఉండదు. తయారైన నాటి నుంచి 24 లేదా 36 నెలలు అని మాత్రమే రాసి ఉంటుంది. అప్పుడు లెక్క కొనుగోలుదారే వేసుకోవాలి.

ఆ గడువు మూత తెరవని, సరైన చోట నిల్వ ఉంచిన సరుకును దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది. మూత తీసిన క్షణం నుంచి మరో లెక్క మొదలవుతుంది. గాలి, వేలి కొన, కుంచె, చెమట లోపలికి చేరతాయి. సరుకులో కలిపిన పారాబెన్లు, ఫినాక్సీఇథనాల్ వంటి నిల్వ పదార్థాలు సూక్ష్మజీవులను కొంతకాలం అదుపులో ఉంచుతాయి. వాటి శక్తికీ ఒక హద్దు ఉంది.

ఈ రెండో లెక్కను చెప్పడానికే ఐరోపా సమాఖ్య 2005 నుంచి ఒక గుర్తును తప్పనిసరి చేసింది. మూత తెరిచి ఉన్న చిన్న డబ్బా బొమ్మ, అందులో ఒక అంకె, దాని పక్కన ఇంగ్లిష్ అక్షరం ఎం. అంకె 12 అయితే తెరిచిన తర్వాత పన్నెండు నెలలు, 6 అయితే ఆరు నెలలు అని అర్థం. ముప్పై నెలలకు మించి నిల్వ ఉండే సరుకుకు అక్కడ ఈ గుర్తు ఉండాలి. భారతీయ కంపెనీలు కూడా చాలావరకు దీన్ని ముద్రిస్తున్నాయి. అట్టపెట్టె వెనుకనో సీసా అడుగునో ఉండే ఈ బొమ్మను గమనించేవారు తక్కువ.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే లిప్‌స్టిక్‌లతో మరో చిక్కు. అక్కడి చట్టం సౌందర్య సాధనాలపై గడువు తేదీ ముద్రించాలని కోరదు. తేదీ లేదంటే ఎప్పటికీ చెడదని అర్థం కాదు. మూత తీసిన రోజును చిన్న కాగితం ముక్క మీద రాసి డబ్బాకు అతికించడం ఒక్కటే దారి.

29 డిగ్రీల సమస్య

సౌందర్య సాధనాలను 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 29 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఉంచవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సూచిస్తోంది. అంతకు మించిన వేడిలో నిల్వ పదార్థాల పని తగ్గుతుంది. చల్లని దేశంలో ఇది ఎండలో నిలిపిన కారుకు సంబంధించిన హెచ్చరిక. సూరత్‌లోనూ, కరీంనగర్ లేదా విజయవాడలోనూ ఏడాదిలో చాలా నెలలు పగటి ఉష్ణోగ్రత ఇంటి బయటే ఆ హద్దు దాటుతుంది. రేకుల కప్పు కింద ఉన్న గదిలో సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి డబ్బా మీది 12 నెలల గడువును ఇక్కడి ఇళ్లలో గరిష్ఠ పరిమితిగానే చూడాలి. అది హామీ కాదు.

వేడి గాలి పైకి చేరుతుంది. అందుకే రేకుల ఇంట్లో అటక, బీరువా పై అర అన్నిటికంటే చెడ్డ చోట్లు. పడమటి గోడకు ఆనుకున్న అర, కిటికీ పక్కన అద్దం కింది బల్ల, వంట పొయ్యి దగ్గరి గూడు కూడా తగవు. స్నానాల గది చెమ్మకు నిలయం. ఎండ తగలని లోపలి గోడవైపు, నేలకు దగ్గరగా ఉన్న అరలో, బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టడం ఉత్తమం. చెప్పుల డబ్బాల్లో, సంచుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకుండా పౌడర్ల డబ్బాలో వేస్తే చెమ్మ పీలుస్తాయి. వాటిని పిల్లలకు అందనివ్వకూడదు.

ఫ్రిజ్ అన్నిటికీ మందు కాదు. నీరున్న క్రీములకు, కలబంద గుజ్జుకు అది మేలే. కాంపాక్ట్, పౌడర్లను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి తీస్తూ ఉంటే బయటి తేమ వాటిపై చేరి గడ్డకడతాయి. వేసవి సెలవులకు సొంతూరికి రైల్లో వెళ్లేటప్పుడు మేకప్ సంచిని కిటికీ పక్కన ఎండ తగిలేచోట కాకుండా బట్టల మధ్య సర్దుకోవడం మంచిది.

గోళ్ల రంగు, దాన్ని చెరిపే ద్రవం, అత్తరు, సెంటు సీసాలు చెడిపోవడం కన్నా మండటం పెద్ద ప్రమాదం. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఛాయలకు వాటిని రానివ్వకూడదు. 50 డిగ్రీలు మించిన వేడికి గురిచేయవద్దని స్ప్రే డబ్బాల మీదే రాసి ఉంటుంది. ఇంటినిండా చీరల కట్టలు పేర్చుకుని జరీ పని, మడత పని చేసే కుటుంబాలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ముందుగా కన్ను

అన్ని వస్తువులకూ ఒకే గడువు లేదు. నీరు ఎంత ఎక్కువగా ఉంటే, కంటికి ఎంత దగ్గరగా వాడితే, గడువు అంత తగ్గుతుందని గుర్తుంచుకుంటే చాలు.

మస్కారాకు మూడు నెలలే. కుంచె ప్రతిసారీ కనురెప్పను తాకి తిరిగి చీకటి, తడి ఉన్న గొట్టంలోకి వెళుతుంది. కలుషితమైన మస్కారా వల్ల నల్లగుడ్డుపై సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పుండ్లు చేసిన కేసులు 1970లలోనే వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కుంచె మొన గీరుకుని నల్లగుడ్డుపై చిన్న గాయమైతే ఆ బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది. చూపుకే ముప్పు రావచ్చు. ఎండిపోయిన మస్కారాలో నీళ్లు, ఉమ్మి, కొబ్బరినూనె కలిపి సాగదీయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొదుపు.

ద్రవరూప ఐలైనర్‌ను మూడు నుంచి ఆరు నెలల్లో మార్చాలి. కాటుక పెన్సిల్ ఏడాది వరకు నిలుస్తుంది. వాడే ప్రతిసారీ చెక్కితే పైపొరతోపాటు అంటుకున్న మలినం పోతుంది. మరి వేలితో తీసి పెట్టుకునే డబ్బా కాటుక? అమ్మమ్మ నుంచి పసిపాప దాకా ఒకే డబ్బాలో వేలు ముంచే అలవాటు తెలుగు ఇళ్లలో పాతదే. ఒకరికి కళ్లకలక వస్తే ఆ డబ్బా అందరికీ పంచుతుంది. 2023 జులై, ఆగస్టుల్లో గుజరాత్, తెలంగాణ సహా అనేక రాష్ట్రాల్లో కళ్లకలక ఇంటింటికీ పాకిన సంగతి మరువరానిది. కన్ను ఎర్రబడిన నాటికి వాడుతున్న కంటి సామగ్రిని, నయమైన తర్వాత కూడా, మళ్లీ ముట్టకూడదు. పసిపిల్లల కళ్లకు కాటుక వద్దని వైద్యులు చెబుతున్నారు. సంప్రదాయ సుర్మాలో సీసం ఉండే అవకాశం అందుకు మరో కారణం.

లిప్‌స్టిక్‌లో నీరు దాదాపు ఉండదు కనుక ఏడాది నుంచి రెండేళ్లు వస్తుంది. పాత వంటనూనె వాసన వస్తే దానిలోని నూనెలు చెడినట్లే. వేడికి పైన చెమట బిందువుల్లా నూనె తేలితే అది ఎండదెబ్బ తిన్న గుర్తు. ద్రవ ఫౌండేషన్‌కు ఆరు నుంచి పన్నెండు నెలలు. నీరు, నూనె విడిపోయి ఎంత కుదిపినా కలవకపోతే పక్కన పెట్టాలి. వెడల్పు మూతి డబ్బా కన్నా పంపు సీసా ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది. పొడి పౌడర్లు రెండేళ్లు దాటినా నిలుస్తాయి. వానాకాలంలో గడ్డకట్టి బూజు వాసన వస్తే మాత్రం వదులుకోవాలి. కుంకుమ భరిణెకూ ఇదే సూత్రం. తడి వేలు పెట్టకూడదు.

సన్‌స్క్రీన్ విషయంలో నష్టం కంటికి కనబడదు. గడువు దాటినా, వేడికి పాడైనా పూసుకున్నట్లే ఉంటుంది, ఎండ నుంచి కాపాడే శక్తి మాత్రం తగ్గిపోతుంది. ఇంట్లో నూరిన పసుపు, పెరుగు, కలబంద లేపనాల్లో నిల్వ పదార్థాలు ఉండవు. ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే మంచిది. నీటితోనో డెవలపర్‌తోనో కలిపిన జుట్టు రంగు మిగిలితే దాచకూడదు.

స్పాంజి, కుంచె, స్టిక్కర్ బొట్టు

డబ్బాను జాగ్రత్తగా దాచి స్పాంజిని మరచిపోయేవారు ఎక్కువ. బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడుతున్న 467 సౌందర్య సాధనాలను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పదింటిలో దాదాపు తొమ్మిదింటిలో బ్యాక్టీరియా కనిపించింది. మేకప్ అద్దే స్పాంజిలలో 93 శాతాన్ని ఎన్నడూ కడగలేదని, 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినా వాడుతూనే ఉన్నారని తేలింది. గర్బా రాత్రుల్లో చెమట తుడిచి, అదే స్పాంజితో మళ్లీ అద్ది, తడిగానే సంచిలో వేయడం దీనికి భిన్నమేమీ కాదు. వారానికోసారి, రోజూ వాడే రోజుల్లో ఇంకా తరచుగా, సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. వానరోజుల్లో ఆరకపోతే ఆ రోజు శుభ్రమైన చేతి వేళ్లే మేలు.

స్టిక్కర్ బొట్టును రాత్రి అద్దానికి అంటించి పొద్దున్నే తిరిగి పెట్టుకోవడం ప్రతి తెలుగింటి దృశ్యం. అద్దం మీది దుమ్ము, నీటి తుంపరలు ఆ జిగురుకు అంటుతాయి. జిగురుతో ఇంకో సమస్య కూడా ఉంది. కొన్ని రకాల్లో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల నుదుటిపై బొట్టు చోట తెల్లమచ్చ ఏర్పడుతుందని భారతీయ చర్మవైద్యులు చాలాకాలంగా గుర్తించారు. దురద లేదా రంగు మార్పు మొదలైతే బొట్టు బ్రాండు మార్చడం చాలదు, చర్మవైద్యులను కలవాలి.

పెళ్లికూతురి అలంకరణకు బ్యూటీషియన్‌ను పిలిచినప్పుడు అడగడానికి మొహమాటపడనవసరం లేదు. క్రీము, లిప్‌స్టిక్ నేరుగా డబ్బా నుంచి కాకుండా శుభ్రమైన పలకమీదకు తీసి వాడుతున్నారా, మస్కారాకు ప్రతి మనిషికీ కొత్త కుంచె పెడుతున్నారా అన్నవి చూస్తే చాలు. ఈ రెండూ పాటించేవారు మిగతావీ పాటిస్తారు.

వరద నీరు తగిలితే

సూరత్ వాసులకు 2006 ఆగస్టు తాపీ వరద గుర్తుంటుంది. ఆ తర్వాత కూడా భారీ వానలకు ఖాడీలుగా పిలిచే వాగులు పొంగి లోతట్టు వీధుల ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. మురుగు కలిసిన నీటిలో మునిగిన మేకప్ సామగ్రిని, మూత బిగించి ఉన్నా సరే, తుడిచి వాడకూడదు. మూత సందుల్లోంచి నీరు చేరిందో లేదో పైకి తెలియదు. కుంచెలు, స్పాంజిలు కూడా అంతే.

వరద తగ్గాక, పండుగల ముందు వారపు సంతల్లో బాగా తగ్గింపు ధరకు వచ్చే సరుకును ఇదే దృష్టితో చూడాలి. తేదీ చెరిపి లేదా దానిపై మరో చీటీ అంటించి ఉన్నా, బ్యాచ్ సంఖ్య, లైసెన్సు సంఖ్య లేకపోయినా కొనకపోవడం మంచిది. వెంటనే తెల్లబడతామని చెప్పే, తయారీదారు చిరునామా లేని క్రీములు మరింత అనుమానించదగినవి. వాటిలో పాదరసం కలుపుతున్నట్లు అనేక దేశాల్లో బయటపడింది.

పారేసేటప్పుడు సీసాలో మిగిలినది కాలువలో ఒంపకుండా, డబ్బా మీద అడ్డంగా గీత కొట్టి, మూత బిగించి చెత్తలో వేయాలి. గీత ఎందుకంటే, చెత్తలోంచి ఏరిన ఖాళీ డబ్బాలు మళ్లీ నిండి అంగడికి రాకుండా. వాడిన తర్వాత కన్ను ఎర్రబడినా, చర్మం పొంగినా వెంటనే కడిగి వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకెళ్లాలి. సరుకులో లోపం ఉందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. అందుకు బిల్లు, లేబుల్ ఫొటో అవసరమవుతాయి కాబట్టి అట్టపెట్టెను పారేసే ముందే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి.