ఇనుపతీగ మొదలు గాజుపోగు దాక

గోదావరి డెల్టాలో వార్తను మోసిన వాహనములు కాలక్రమమున మారుచు వచ్చినవి. తొలుత పడవయు, తపాలా మోయు మనిషియు ఉండిరి. పిదప ఇనుపతీగ వచ్చెను. దాని వెనుక రాగితీగ వచ్చెను. నేడు వెంట్రుకంత సన్నని గాజుపోగు వచ్చినది. కంప్యూటరును కంప్యూటరుతో కలుపు కేబుళ్లను గూర్చి చెప్పుట యన్న అది నిన్న మొన్నటి మాట యని పలువురు తలతురు. కాని ఆ కేబుళ్లకు నూట ఎనుబదియేండ్లకు మించిన వంశచరిత్ర కలదు. ఆ వంశమున పుట్టిన ప్రతి తీగయు మూడు శత్రువులతో పోరాడవలసి వచ్చినది. అవి నీరు, గాలి, గునపము. మన డెల్టాలో ఈ మూడును సమృద్ధిగా నుండుటచేత ఆ చరిత్రను ఇచ్చటినుండి చూచినచో చక్కగా బోధపడునని మేము తలంచుచున్నాము.

1839వ సంవత్సరము మనకు రెండు విధముల జ్ఞాపకముంచుకొన దగినది. ఆ ఏటి నవంబరు నెలలో గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవును గొప్ప తుపాను ముంచివేసెను. అంతకు ఏబదియేండ్ల క్రిందట, 1789లో, ఆ రేవే మరియొక తుపానుకు బలియై యుండెను. ఆ పాత తుపాను సంగతులను శ్రద్ధగా పరిశీలించినవారిలో కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ ఒకడు. చుట్టలు చుట్టుకొని తిరుగు గాలివానకు ‘సైక్లోను’ అను పేరు పెట్టినవాడు ఆయనయే. అదే 1839లో, అదే కలకత్తాలో, వైద్య కళాశాలలో రసాయనశాస్త్రము బోధించు విలియం బ్రూక్ ఓషాన్నెస్సీ అను వైద్యుడు 21 మైళ్ల తీగను కట్టి దాని గుండ విద్యుత్సంకేతములను పంపెను. అందులో దాదాపు 7,000 అడుగుల మేర నదీజలమే విద్యుత్తుకు దారి యయ్యెను. తుపానుకు పేరు పెట్టినవాడును, తుపాను వార్తను ముందుగా చేరవేయగల తీగను కట్టినవాడును ఒకే ఊరివారు, ఒకే కాలమువారు అగుట గమనింపదగినది.

ఓషాన్నెస్సీ ఆధ్వర్యమున 1850–51లో కలకత్తానుండి డైమండ్ హార్బరు వైపునకు తంతిమార్గము పడెను. భూమిలో వేసిన భాగమునకు ఆయన వాడిన ఉపాయము నేటి కేబులు కర్మాగారములవారు కూడ మెచ్చుకొన దగినది. ఇనుపకడ్డీకి మద్రాసు గుడ్డను రెండు పొరలుగ చుట్టి, కరగించిన కీలులో ముంచి, బాగుగా కాలిన ఇంటిపెంకులను వరుసగా పేర్చి, వానిలో ఆ కడ్డీని పరుండబెట్టి, ఇసుకయు గుగ్గిలమును కలిపి కరగించిన ముద్దను పోసిరి. విద్యుత్తును మోయునది నడుమనున్న లోహము. మిగిలినదంతయు ఆ లోహమును నీటినుండి కాపాడుటకే. ఇప్పటి కేబులును కోసి చూచినను ఈ రెండు భాగములే కనబడును. పిమ్మట మలయా అడవులలోని చెట్టుపాలనుండి తీసిన గట్టాపెర్చా అను పదార్థము వచ్చుటతో తీగ సముద్రగర్భమునకును దిగగలిగెను. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమ సముద్రపు తీగ నిలిచి పనిచేసెను. 1855 ఫిబ్రవరిలో మన దేశమున తంతి సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. 1871లో మద్రాసునుండి పెనాంగు మీదుగా సింగపూరునకు సముద్రపు కేబులు సాగెను.

ఈ కాలముననే మన డెల్టా స్వరూపము మారెను. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట, దానినుండి వెడలిన కాలువలు, వాని గట్లు, వాని వెంట పుట్టిన ఊళ్లు, ఇవన్నియు కాటన్ దొర కట్టడము పుణ్యమే. నీరు వచ్చెను, పంట వచ్చెను. కాని తీగకు మాత్రము నీరు అడ్డంకియే. అడుగడుగునను ఏరు, కాలువ, పాయ. తీగ నీటిని దాటవలెనన్న రెండే త్రోవలు. నీటి అడుగున దించవలెను, లేదా నీటి మీదుగ ఎత్తి కట్టవలెను. మన పొరుగు డెల్టాలో ఇంజనీర్లు రెండవ త్రోవను పట్టిరి. బెజవాడ కొండనుండి ఆవలి గట్టున సీతానగరము కొండకు కృష్ణమీదుగ, నడుమ స్తంభమే లేకుండ, 5,000 అడుగులకు మించిన ఒకే పట్టుగ తంతితీగను లాగిరి. ప్రపంచములోని తంతితీగల బారలలో నిదియే మిక్కిలి పొడవైనదని 19వ శతాబ్ది చివర దేశదేశముల పత్రికలు వ్రాసినవి. తీగను పాతిపెట్టుటయా, వ్రేలాడదీయుటయా యను ఈ ప్రశ్న అప్పుడు పుట్టినది. నేటికిని అది మనలను విడువలేదు.

ఆ ఇనుపతీగ మన తీరమునకు చేసిన మేలు చిన్నది కాదు. 1864 నవంబరులో మచిలీపట్టణమును ఉప్పెన ముంచినప్పుడు ముందుగా హెచ్చరించు ఏర్పాటు లేకపోయెను. ఆ ఏడాదియే కలకత్తాను కూడ తుపాను దెబ్బతీసెను. మరుసటి ఏడు, అనగా 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల పద్ధతి మొదలయ్యెను. 1886 నాటికి దేశములోని రేవులన్నిటికిని దానిని విస్తరింపజేసిరి. ఆ హెచ్చరికలను మోసినది తంతితీగయే. కాని ఒక విచిత్రము చూడుడు. తీగ మిక్కిలి అవసరమైన రాత్రి ఏదియో, తీగ తెగిపోవు రాత్రియు అదియే. తుపాను వచ్చుచున్నదను వార్తను తీగ తెచ్చును. వచ్చిన తుపాను ముందుగా తీగనే తెంపును. తంతి సేవ 2013 జూలైలో మన దేశమున ముగిసినది గాని ఈ చిక్కు మాత్రము ముగియలేదు.

ఇనుపతీగకు చుక్కగీతల సంకేతములు చాలును. మనిషి గొంతు పోవలెనన్న రాగితీగ మేలు. రెండు రాగితీగలు ప్రక్కప్రక్కన పోవునప్పుడు బయటి విద్యుత్తు సోకి గరగర శబ్దము పుట్టుట ఆనాటి టెలిఫోనులకు పెద్ద బాధ. 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ దీనికి తేలికైన చికిత్స చెప్పెను. ఆ రెండు తీగలను జడవలె మెలిపెట్టిన చాలును. బయటి సోకు రెండింటికిని సమానముగ తగులుటచే అవతలి కొనలో ఒకదానినొకటి కొట్టివేయును. నేడు కార్యాలయములలో, కళాశాలలలో కంప్యూటరు వెనుక గ్రుచ్చు కేబులును విప్పిచూచినచో అందు ఎనిమిది తీగలు నాలుగు జంటలుగ మెలికలు తిరిగియుండును. ఒక్కొక్క జంటకు ఒక్కొక్క రీతి మెలిక. బెల్ చెప్పిన మందే ఇంకను వాడుచున్నాము.

అయితే కంప్యూటర్ల కూటములు మొదట పుట్టినది ఈ మెలితీగ మీద కాదు. 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్‌కాఫ్ ప్రభృతులు ఈథర్నెట్టు అను పద్ధతిని కనిపెట్టినప్పుడు వాడినది కోయాక్సియల్ కేబులు. నడుమ ఒక రాగితీగ, దాని చుట్టు విద్యుత్తును పోనీయని ఒక పొర, ఆ పొర చుట్టు లోహపు వల, పైన తొడుగు. ఇంటి టెలివిజనుకు కేబులు ఆపరేటరు లాగిన నల్లతీగ ఈ జాతిదే. కార్యాలయములలో దీని లావురకము ఒక్కొక్క తునక 500 మీటర్లు, సన్నరకము 185 మీటర్లు పోగలిగెడిది. కాని ఒకే తీగకు అందరును తగిలించుకొనుటచే ఒకచోట తెగిన అందరి పనియు నిలిచిపోయెడిది. 1990లో మెలితీగకు ప్రమాణము ఏర్పడుటతో ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క తీగ యను పద్ధతి వచ్చి కోయాక్సియల్ కేబులు కార్యాలయములను విడిచెను. మెలితీగకు కల హద్దు 100 మీటర్లు. ఒక భవనమునకు అది చాలును, ఊరికి చాలదు.

ఊరినుండి ఊరికి పోవలెనన్న గాజే శరణ్యము. వంగిన గాజుపోగులో వెలుతురు బయటికి పోక లోలోననే పరావర్తనము చెందుచు సాగునని నరీందర్ సింగ్ కపానీ 1954లో నిరూపించెను. ఆ గాజు మిక్కిలి నిర్మలమైనదైనచో దూరదేశములకు సంకేతములు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్ సిద్ధాంతము చేసెను. ఒక కిలోమీటరు పోయిన పిమ్మట నూటికొక పాలు వెలుతురు మిగిలినను చాలునని ఆయన గీచిన గీటు. 1970లో కార్నింగు కంపెనీవారు ఆ గీటును దాటిరి. నేటి మేలురకపు గాజులో కిలోమీటరుకు నూటికి 95 పాళ్లు వెలుతురు మిగులును. కావ్ గారికి 2009లో నోబెల్ బహుమానము లభించెను. ఈ పోగులలో రెండు తెగలు కలవు. లోపలి దారి కొంచెము వెడల్పుగ, మీటరులో పదిలక్షవ వంతులు ఏబదియో అంతకు కొంచెము మించియో ఉండునది దగ్గరి దూరములకు. అట్టివి తొమ్మిది మాత్రమే యుండునది దూరపు పయనములకు. దారి ఇరుకైనకొలది వెలుతురు చెదరక పోవును.

ఈ ఏర్పాటంతయు మన డెల్టావారికి కొత్త కాదు. ఆనకట్టనుండి ప్రధాన కాలువ, దానినుండి పిల్ల కాలువ, దానినుండి బోదె, బోదెనుండి మడి. అట్లే సముద్రపు కేబులు ఒడ్డుకు చేరును. 1871లో మద్రాసునుండి సింగపూరు దిశగా సాగిన దారినే 2002లో దాదాపు 3,200 కిలోమీటర్ల గాజుకేబులు పడినది. ఒడ్డునుండి పట్టణములకు గాజే, పట్టణములనుండి గ్రామములకు గాజే. ఇంటిలో మాత్రము మెలిపెట్టిన రాగి. ప్రధాన కాలువ నిండుగ నున్నను బోదె పూడినచో మడి ఎండునట్లు, ఊరి చివరి తీగ సరిగా లేనిచో ఎంత గొప్ప కేబులును ఇంటికి ఉపకరింపదు.

ఈ బోదె త్రవ్వుటలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు పాత ప్రశ్న మరల ఎదురయ్యెను. పాతిపెట్టవలెనా, వ్రేలాడదీయవలెనా? డెల్టాలో జానెడు త్రవ్విన నీరూరు చోట్లు కలవు. రోడ్డుకు ఒకవైపు కాలువ, రెండవవైపు చేను లేదా చేపల చెరువు. పాతినను పూడికలు తీయు యంత్రపు కొక్కెము ఏనాడో ఒకనాడు తగులక మానదు. రాష్ట్రమంతట భూమిలో వేసిన దాదాపు 5,000 కోట్ల రూపాయలు కాగలదని ప్రభుత్వము లెక్కవేసి, కరెంటు స్తంభములపై కేబులును లాగుటకు నిశ్చయించెను. మొదటి దశలో సుమారు 23,000 కిలోమీటర్లకు మించిన కేబులు 333 కోట్లతో పూర్తి యయ్యెనని ప్రకటించెను. గాజులో విద్యుత్తు పారదు గనుకనే కరెంటు తీగల సరసన దానిని కట్టుటకు వీలయ్యెను. ఇట్టి పనికై లోహమే లేకుండ, తన బరువును తానే మోయగల కేబుళ్లు కలవు. అవి పిడుగులను పిలువవు. దొంగకు అమ్ముకొనుటకు అందు రాగి లేదు.

2016 డిసెంబరు 29న ఆ పథకము మొదటి దశను ప్రారంభించుటకు ఎన్నుకొన్న ఊరు సఖినేటిపల్లి మండలములోని మోరి. నాడు తూర్పుగోదావరి జిల్లాలోను, 2022నుండి కోనసీమ జిల్లాలోను ఉన్న ఈ గ్రామము జీడిపప్పు పనికి పేరుపొందినది. సముద్రమునకు చేరువలోనిది. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఒకే పోగుమీద నెలకు 149 రూపాయలకు ఇచ్చెదమని చెప్పిరి. ఇంటింటికి తీగ లాగు పనిని పాత కోయాక్సియల్ తీగల నాటి కేబులు ఆపరేటర్లకే అప్పగించిరి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ఈ పథకమును జాతికి అంకితము చేసిరి.

నీటినుండియు గునపమునుండియు తప్పించుకొన్న తీగ గాలికి ఎదురుపడినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమ మరువలేదు. కాకినాడకు దక్షిణమున తీరము దాటిన ఆ తుపాను వేయిమందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలినవి. కూలిన చెట్టు స్తంభముపై పడును, స్తంభముతో తీగ పడును. అట్టి తుపాను మరల వచ్చినచో స్తంభములపై నున్న గాజుపోగునకును ఇనుపతీగ గతియే పట్టును. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురమునకు చేరువలో, అనగా మోరికి ఎంతో దూరము కాని చోట, తీరము దాటినది. మనవారి బేరము ఇది: తక్కువ ఖర్చుతో త్వరగా తీగ వచ్చినది, తుపాను రాత్రికి హామీ మాత్రము లేదు.

ఈ బేరమును తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. పాతిపెట్టుటకే కాచుకొని కూర్చున్నచో పెక్కు ఊళ్లకు నేటికిని తీగయే రాకపోవును. కాని బేరములో మిగిలిన బాకీని తీర్చవలసియున్నది. పట్టణములను కలుపు ముఖ్యమైన కేబులునైనను పాతిపెట్టుట మంచిది. ఒక్కొక్క మండలమునకు రెండు వైపులనుండి దారి యుండునట్లు వలయముగ కట్టినచో ఒకవైపు తెగినను రెండవవైపునుండి వార్త నడచును. ఒకే కాలువను నమ్ముకొన్న శివారు చేను కష్టము మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రులకు, తుపాను ఆశ్రయ భవనములకు ఈ ఏర్పాటు మొదట జరుగవలెను.

అంతవరకు ఇంటిలో ఒక చిన్న బ్యాటరీ రేడియోను ఉంచుకొనుటయు వివేకమే. దానికి స్తంభము లేదు, తీగ లేదు. దూరపు ప్రసార కేంద్రము నిలిచియున్నంత కాలము కోనసీమ కొబ్బరితోటలో చీకటింట కూర్చున్నవారికి గాలివాన ఎటు పోవుచున్నదో అది చెప్పగలదు. ఇనుము, రాగి, గాజు, ఏది వచ్చినను తీగ ఎంత వేగముగ పనిచేయునను మాట ఒక్కటే చాలదు. మిక్కిలి చెడ్డ రాత్రి అది ఎంతసేపు నిలుచునో కూడ విచారింపవలెను. కోరంగిని రెండుమారులు పోగొట్టుకొన్న సీమలో ఈ విచారము లేకుండ తీగ కట్టుట తగదు.